కేబుల్ తీసేస్తే అపరిగ్రహమేనా?

కేబుల్ కనెక్షన్ తీయించి, నెలనెలా కట్టే డబ్బు మిగుల్చుకుంటే అది పొదుపు. సందేహం లేదు. అపరిగ్రహం కూడా అవుతుందా?

ఆదిలాబాద్‌లో ఇంట్లో చిన్న యాంటెన్నా పెట్టుకుని టీవీ చూసే దారి ఇప్పుడు లేదు. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దేశమంతటా దాదాపుగా ఆపేశారు. దానికి దగ్గరిది 2004లో మొదలైన ఉచిత డిష్ సేవ, ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. ఒక్కసారి డిష్, సెట్‌టాప్ బాక్స్ కొంటే చాలు, చందా లేదు. దూరదర్శన్ తెలుగు చానెల్ డీడీ యాదగిరి వస్తుంది. పే చానెళ్లు రావు.

పతంజలి చెప్పిన యమాల్లో అపరిగ్రహం చివరిది, అంటే అక్కర్లేనిది కూడబెట్టకపోవడం. ఎనిమిది అంగాల్లో ఐదోది ప్రత్యాహారం, ఇంద్రియాలను విషయాల నుంచి మళ్లించడం. కేబుల్ నుంచి ఈ డిష్‌కు మారినవాళ్లకు మొదటిది కొంత అందుతుంది. అర్ధరాత్రి దాకా రిమోట్ మీద బొటనవేలు ఆగకుండా తిరుగుతుంటే రెండోది ఎక్కడిది?

చానెళ్లు తగ్గితే మనసు దానంతటదే కుదురుతుందనీ అనలేం. 1987లో దూరదర్శన్‌లో రామాయణ్ సీరియల్ వచ్చే ఆదివారాల్లో జనం టీవీకి దండవేసి అగరొత్తులు వెలిగించారు. అప్పుడున్నది దాదాపు ఒక్క చానెలే, నిజమే. కానీ వాళ్లను కూర్చోబెట్టింది కొరత కాదు, రాముడి మీద ప్రేమ.

అలాంటి ప్రేమ ఆదిలాబాద్ జిల్లాలోనూ కనిపిస్తుంది. కేస్లాపూర్‌లో నాగదేవత నాగోబా జాతరకు ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం నేటికీ కాలినడకనే వెళ్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీటితోనే నాగోబాకు అభిషేకం.