మనసు తినే అన్నం

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువు చేత 15 రోజులు ఉపవాసం చేయిస్తాడు. నీళ్లు మాత్రం ఇష్టమున్నంత తాగమంటాడు. ఆ తర్వాత వేదం చెప్పమంటే, పన్నెండేళ్లు గురుకులంలో చదివి వచ్చినవాడికి ఒక్క ఋక్కూ స్ఫురించదు. అన్నం తిన్నాక అడిగినవన్నీ చెబుతాడు. మనసు అన్నమయమని తండ్రి చూపించే తీరు ఇది. ఆత్మోపదేశానికి ముందే ఈ పరీక్ష పెట్టడంలో గొప్ప నిజాయితీ ఉంది. మనసునే ఆత్మ అనుకుని పొరబడే దారిని అది మొదటే మూసేస్తుంది.

మనసు అన్నమయమన్న మాటకు ఒంట్లోనే సాక్ష్యముంది. జొన్న ముఖ్యాహారమైన దక్కను పల్లెల్లో ఒకప్పుడు పెల్లాగ్రా అనే జబ్బు తరచుగా కనిపించేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు కారణమై ఉంటుందని హైదరాబాదులో పరిశోధించిన గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణపై తర్వాత వాదోపవాదాలు నడిచాయి గానీ, నియాసిన్ అనే విటమిన్ అందితే రోగి తేరుకుంటాడన్నది తిరుగులేనిది. నియాసిన్ నుంచి శరీరం ఎన్‌ఏడీ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. తిన్నదాన్ని శక్తిగా మార్చే మెట్లలో చాలావాటికి అది లేనిదే పని నడవదు. ఒంటి బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు వాడుకుంటుంది. అలాంటప్పుడు నియాసిన్ లోటు చర్మం దగ్గరే ఆగిపోతుందని ఎలా అనుకుంటాం?

అయితే మనిషంటే రసాయనాల లెక్కేనా, సంకల్పానికీ ధర్మాధర్మాలకీ చోటెక్కడ అని ఆస్తికులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబుకు ఒక ప్రయోగాన్ని చూడాలి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ 36 మంది యువకులను నెలల తరబడి అర్ధాకలితో ఉంచి గమనించాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి అంతరాత్మ ఒప్పుకోనివాళ్లు వాళ్లు, తామై ముందుకొచ్చారు. దిగులు, చిరాకు కమ్ముకున్నాయి, ధ్యాసంతా తిండి మీదికే పోయింది. అయినా చాలామంది చివరిదాకా నిలబడ్డారు. మనసు అన్నానికి లోబడిందన్నదీ నిజమే, మాట మీద నిలిచారన్నదీ నిజమే. దేనిమీదైనా ఆధారపడటం వేరు, అదే అయిపోవడం వేరు.

ఏకాదశి ఉపవాసాలనూ తపస్సులనూ చూపి, ఆకలి మనసును పదునుపెడుతుందనే వాదన ఇంకొకటి. కానీ ఉపవాసికి గడువు తెలుసు, విరమించే హక్కుంది, మర్నాడు పారణ ఉంది. మిన్నెసోటా యువకులకూ గడువుండేది, అయినా వాళ్ల మనసులు అంతగా నలిగాయి. జొన్నసంకటి తప్ప మరొకటి దొరకని కూలీకి గడువూ లేదు, ఎంపికా లేదు. అతని మందకొడితనాన్ని స్వభావమనో పూర్వకర్మ అనో తేల్చేవారు, నియాసిన్‌తో తేరుకున్న మతికి ఏ కర్మ తీరిందో కూడా చెప్పాల్సి ఉంటుంది.