గుప్పెడు బియ్యంతో లేచే మందిరం

సామర్లకోట కుమారారామ భీమేశ్వరాలయ శాసనాల్లో 1147 నుంచి 1494 వరకు గుడికి అందిన దానాల వివరాలున్నాయి. మంత్రులు, పాలకులు, అధికారులు, సంపన్నులు ఏమిచ్చారో చదువు వచ్చిన వాళ్లెవరైనా చూసుకునేలా రాతి మీద చెక్కించారు. దేవుడి పేరున వచ్చిన సొమ్ము లెక్క నలుగురి కళ్లెదుట ఉండాలన్న ఎరుక ఈ ఊరికి కొత్త కాదు.

ఈ ఊళ్లోనే 1882లో కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్ తెలుగు బోధకుల కోసం వేదాంత పాఠశాల ప్రారంభించారు. దానికి ముందు ఓ తెలుగువాడి కథ ఉంది. తంతి శాఖ ఉద్యోగం వదులుకుని కాకినాడ ప్రాంతంలో సువార్త పనికి దిగిన థామస్ గాబ్రియేల్ కెనడా బాప్టిస్టుల సాయం కోరారు. ఆ పిలుపుతోనే మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడ చేరారు. అప్పటికే కెనడాలో స్త్రీలు మిషను పని కోసం చిల్లర కూడబెట్టడం మొదలైంది. 1870లో హన్నా మరియా నోరిస్ నోవా స్కోషియా ఊళ్లు తిరిగి కొద్ది నెలల్లోనే 30కి పైగా స్త్రీల సమాజాలు స్థాపించారు. సముద్రాలు దాటి తెలుగు నేలకు వచ్చిన మిషను సొమ్ములో అలాంటి సామాన్య స్త్రీల కానుకలూ ఉన్నాయి.

ఇప్పుడు పాత మందిరం ఇరుకై, కొత్తది కట్టుకోవాలనుకునే సంఘం ముందుగా తన ఇళ్లవైపే చూసుకోవాలి. ఎందుకంటే 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. బంధువు అమెరికా నుంచి పంపిస్తాడులే అనుకుని పునాది తీయడం ప్రమాదం. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని యేసు అడిగిన ప్రశ్న ఇంజనీరు అంచనా చేతిలో పట్టుకున్న సంఘ పెద్దలకు సూటిగా తగులుతుంది.

ఇళ్లవైపు చూడటమంటే ఏమిటో దోర్నకల్ చూపించింది. అక్కడి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన అధ్యక్షతలోని సంఘాల్లో ఎక్కువమంది నిరుపేద మాల, మాదిగ కుటుంబాలవారు. వాళ్లు పేదలు, ఏమివ్వగలరని ఆయన అనలేదు. ఇవ్వడం కూడా ఆరాధనేనని నేర్పారు. అన్నం వండే ముందు ఇల్లాలు గుప్పెడు బియ్యం తీసి దేవుని కోసం వేరే కుండలో వేసేది. ఏళ్ల తరబడి సాగిన నిర్మాణం తర్వాత 1939 జనవరి 6న దోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. మిజోరంలో 1910లో మొదలైన ఇలాంటి గుప్పెడు బియ్యం కానుక అక్కడి సంఘాలకు నేటికీ రాబడి తెస్తోంది.

ఈ పద్ధతిలో ఒక మర్మం ఉంది. కుండలో పడిన బియ్యానికి పేరుండదు. ఎవరి గుప్పెడు పెద్దదో, ఎవరిది చిన్నదో గింజలు చెప్పవు.

అయితే పెద్దల వంతు ముందుగా పడాలి. దేవాలయం కోసం జనాన్ని అడిగే ముందు దావీదు తన సొంత బంగారం, వెండి ఇచ్చాడు. ఆ తర్వాత అధిపతులు మనస్ఫూర్తిగా ఇచ్చారు. సంఘకాపరి, డీకన్లు తమ వాగ్దాన పత్రాలు ముందే రాసిస్తే ఇంటింటికీ వెళ్లినప్పుడు వాళ్ల మాటకు బలం ఉంటుంది. ఆ పత్రంలో గడువు కూడా సంఘస్థుల బతుకు తీరును బట్టి ఉండాలి. రైల్వే ఉద్యోగికి నెల జీతం. రైతుకు సార్వా, దాళ్వా కోతలప్పుడే చేతిలో డబ్బు ఆడుతుంది. కూలికి పని దొరికిన రోజే పండుగ. ముగ్గురికీ ఒకే వాయిదా పెడితే ఇవ్వాలనే మనసున్నవాళ్లు కూడా సిగ్గుపడి తప్పుకుంటారు. రెండు మూడేళ్లకు పరచి, పునాది, గోడలు, స్లాబు అని దశలుగా విడగొట్టుకుంటే అప్పు భారం తగ్గుతుంది.

డబ్బు చేతికొచ్చాక అసలు పరీక్ష. యెరూషలేములో యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయడానికి సొమ్ము వసూలైనా, ఆయన ఏలుబడి ఇరవై మూడో ఏటికి కూడా పని జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు. అది నిండినప్పుడు రాజు లేఖరి, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. వడ్రంగులకు, తాపీవాళ్లకు ఆ సొమ్ము చేరింది, పని సాగింది. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను ఒంటరిగా మోసుకెళ్లలేదు. నింద రాకుండా సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు.

ఆపడం తెలియడం కూడా భక్తే. ప్రత్యక్ష గుడారం కోసం జనం అవసరానికి మించి తెస్తున్నారని పనివాళ్లు చెప్పగానే, ఇక తేవద్దని మోషే పాళెమంతా చాటించాడు. అంచనా నిండాక కూడా మైకు పట్టుకుని ఇంకా అడిగే సంఘం ఆ పుటను మరోసారి తెరిచి చూడాలి.

నెలకొక ఆదివారం ఆరాధన ముగిశాక ఎంత వచ్చింది, సిమెంటుకెంత, ఇనుముకెంత, కూలికెంత, బ్యాంకులో ఎంత మిగిలింది అని ఒకరు చదవాలి. చదివిన కాగితాన్ని తలుపు పక్కన బోర్డుకు అంటించాలి. కానుక పెట్టెలో పది రూపాయలు వేసిన ముసలమ్మ దాని ముందు ఆగి, మనవడి చేత చదివించుకుని, ఏదైనా అర్థం కాకపోతే కోశాధికారిని పిలిచి అడిగితే, ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆమెకు ఆ లెక్క మొదటినుంచి చెప్పాలి.