ఏ జన్మ పాపము?

చందానగర్ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి, లక్డీకాపూల్‌లో దిగి, రెడ్ హిల్స్‌నందలి మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రికి పోవు స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినవారు కొందఱుందురు. “ఏ జన్మలో ఏ పాపం చేశానో” యని వారనుకొనుట దుఃఖమునుండి వెడలు మాట గనుక దానిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని ఆ మాటనే ఇరుగుపొరుగువారును, ఒక్కొక్కచోట కట్టుకొన్నవాడును, ఆమె శీలమునకు ముడిపెట్టి పలికినపుడు అది ధర్మవిచారమను పేర జరుగు క్రౌర్యము.

ఈ రోగమునకు మూలము హ్యూమన్ పాపిలోమా వైరస్. దాని 16, 18 రకములను జర్మను శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 84 సంవత్సరములలో ఈ పుండ్లయందే కనుగొని, 2008లో నోబెల్ బహుమానము నందెను. నూటికి డెబ్బది వంతుల కారణమా రెండు రకములే. కాపురము చేయు స్త్రీపురుషులలో అధికసంఖ్యాకులకు ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకును. పెక్కుమందిలో రెండేండ్లలోపున దేహమే దానిని నిర్మూలించును. ఏ కొందఱియందో అది తిష్ఠవేసి, కణవృద్ధిని అదుపునందుంచు ప్రోటీనులను నిర్వీర్యము గావించి, పదునైదిరువదేండ్లకు పుండగును. భర్తను దప్ప అన్యునెఱుగని యిల్లాలికిని ఇది రావచ్చును. తెచ్చిన భర్తకును తెలియకపోవచ్చును. ఇందు శీలపరీక్ష యెక్కడిది?

కర్మసిద్ధాంతమును నేను త్రోసిపుచ్చుట లేదు. అది తన నడతను తాను తూచుకొనుటకై పెద్దలు పెట్టిన త్రాసు. పరుల బాధకొక కారణము చెప్పి చేతులు దులుపుకొనుటకు కాదు. భారతమున, పసితనమున తూనీగలను గ్రుచ్చిన నేరమునకు శూలమెక్కవలసి వచ్చిన మాండవ్యుడు యమునంతవానిని నిలదీసి, శూద్రయోనిని జన్మింపుమని శపించి, పదునాలుగేండ్లలోపు పిల్లలకు పాపమంటదని కట్టడి చేసెను. శిక్ష విధించు ధర్మదేవతయే విదురుడై పుట్టవలసివచ్చిన ఆ కథను పురాణశ్రవణమున విన్నవారు, ఆసుపత్రి బల్లపై కూర్చున్న స్త్రీని చూచి పాపమని యెట్లనగలరు?

పాపమను మాటకు తగిన చోటు మఱియొకటి కలదు. 2009 జులైలో ఖమ్మం జిల్లాయందు 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు, వారిలో అనేకులు భద్రాచలప్రాంతపు గిరిజన పిల్లలు, ఈ వైరస్ టీకా వేసిరి. కొందఱు మరణింపగా 2010 ఏప్రిలులో కార్యక్రమమాగెను. మరణములకు టీకా హేతువు కాదని విచారణసంఘము తేల్చినది. కాని తల్లిదండ్రులు చేయవలసిన సమ్మతి సంతకములను అనేకచోట్ల హాస్టలు వార్డెనులు చేసిరన్నది మాసిపోని మచ్చ. మేలు చేయబోవునపుడు సైతము అడుగకుండుట అపచారమే. ఆ అపచారమువలన మంచి టీకాపై పడిన అపనమ్మకమును ఇప్పటికిని తెలుగు తల్లులు మోయుచున్నారు.

నేడు చందానగర్ అపార్టుమెంటులలో పిల్లల డాక్టరు ఈ టీకా మాట యెత్తగనే “మా అమ్మాయి అలాంటిది కాదండీ” యను తల్లులుందురు. అమ్మా, 9 మొదలు 14 ఏండ్ల నడుమ వేయుట వైరస్ సోకక మునుపే దేహమును సన్నద్ధము చేయుటకు. అందు నీ బిడ్డపై ఏ శంకయు లేదు. 2023లో వెలువడిన స్వదేశీ టీకా సెర్వావాక్ గూర్చి డాక్టరు నడుగుము. నీకు ముప్పదేండ్లు దాటినచో నీవును గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకొనుము. టీకా అన్ని రకములను ఆపజాలదు గనుక, నీ కూతురికిని ఆ వయస్సు వచ్చినపుడు పరీక్ష తప్పదు.