తెలిసీ చెప్పకపోతే...

ఏ ఊరి బజారులో నడిచినా 'రేడియం వర్క్స్' అనే బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. బండి నంబరు ప్లేటు మీద అంటించే మెరుపు కాగితానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరది. నిజానికి అందులో రేడియం పిసరంతైనా ఉండదు. మీద పడిన వెలుతురును తిప్పికొట్టడమే దాని పని. తాతల కాలంలో చీకట్లో వాటంతటవే మెరిసే అంకెలున్న గడియారాలుండేవి చూడండి, ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చి ఉంటుంది. ఆ అంకెల్లో ఉన్నది మాత్రం అసలు సిసలు రేడియమే. వస్తువు పోయింది, పేరు మిగిలింది. ఆ అంకెలు దిద్దిన చేతులెవరివో ఎవరికీ గుర్తు లేదు.

అవి ఆడపిల్లల చేతులు. 1917 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఆరెంజ్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ ఉండేది. తరవాత దాని పేరు యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు చీకట్లో కనిపించే గడియారాలు కావలసివచ్చాయి. సన్నటి కుంచెతో అంకెలు దిద్దే పనికి ఆడపిల్లలను పెట్టుకున్నారు. కొందరికి పదిహేనేళ్ళు కూడా నిండలేదు. గడియారానికింత అని కూలి. మంచి డబ్బులే వచ్చేవి. పైగా కూర్చుని చేసే పని, గౌరవమైన ఉద్యోగం. చెల్లెళ్ళనూ, స్నేహితురాళ్ళనూ వెంటబెట్టుకొచ్చి చేర్పించినవాళ్ళున్నారు.

నాలుగు అంకెలు దిద్దేసరికి కుంచె మొన చెదిరిపోయేది. దాన్ని పెదవుల మధ్య పెట్టి మొన తేల్చమని నేర్పారు. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు మనం దారం కొస తడిచేసుకుంటామే, అలాగన్నమాట. ఇలా రోజుకి ఎన్నిసార్లో! "దీనివల్ల ఏమైనా హానా?" అని పిల్లలు అడగకపోలేదు. ఏమీ కాదన్నారు. రాత్రి ఇంటికి వెళ్తుంటే వాళ్ళ జుట్టూ బట్టలూ మిణుకుమిణుకుమనేవి. ఆ మెరుపు చూసి మురిసిపోయి గోళ్ళకీ, సరదాకి పళ్ళకీ రాసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, పాపం.

రేడియం ఎందుకు ప్రమాదమో రెండు మాటల్లో చెప్పుకుందాం. దాని పరమాణువులు తమంతట తామే విరుగుతూ ఆల్ఫా కణాలనే సూక్ష్మమైన తునకలను విసురుతుంటాయి. ఆ తునకలు జింక్ సల్ఫైడ్ పొడిని తాకితే మెరుపు పుడుతుంది. గడియారం అంకెల వెలుగు అదే. వెలుపల ఉంటే ఆ తునకలను ఓ కాగితం ముక్క కూడా ఆపేయగలదు. కడుపులోకి వెళ్తేనే కథ మారిపోతుంది. మన శరీరానికి రేడియం కాల్షియంలాగే కనిపిస్తుంది. బలమిచ్చే పదార్థం కాబోలనుకుని తీసుకెళ్ళి ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ కాపురం పెట్టిన రేడియం లోపలినుంచి ఎముకను కొడుతూనే ఉంటుంది. సహజంగా అందులో సగం తరగడానికి పట్టే కాలం సుమారు 1600 ఏళ్ళు.

మొదట పళ్ళు ఊడాయి. తరవాత దవడ ఎముకలు ముక్కలుముక్కలుగా వచ్చేశాయి. 1922లో మాలీ మాగ్గియా అనే అమ్మాయి చనిపోతే మరణపత్రంలో సిఫిలిస్ అని రాశారు. ప్రాణం పోయినదానికి పరువు కూడా పోయింది! అయిదేళ్ళ తరవాత శవాన్ని పైకి తీసి పరీక్షిస్తే ఎముకల నిండా రేడియం. ఆ రోగం ఛాయలే లేవు.

ఇక్కడే నా మనసులో ఒక ప్రశ్న తొలుస్తూ ఉంటుంది. ఎవరిది తప్పు?

రేడియాన్ని 1898లో కనిపెట్టిన మేరీ క్యూరీదా? ఆవిడ ఆ విద్య మీద పేటెంటు కూడా తీసుకోలేదు. తాను కనిపెట్టిన లోహం ఒక్క గ్రాము కొనుక్కునే స్తోమత లేకపోతే, 1921లో అమెరికా ఆడవాళ్ళు లక్ష డాలర్లదాకా చందాలు పోగుచేసి ఆవిడకు బహూకరించారు. రేడియం గొట్టాలను జేబులో వేసుకు తిరిగిన మనిషి ఆవిడ. 1934లో రక్తం ఊరని జబ్బుతో పోయింది. తెలియక ముట్టుకుంది, తానే అనుభవించింది. ఆవిడని ఏమనగలం?

ఫ్యాక్టరీవాళ్ళ సంగతి వేరు. అక్కడి రసాయన శాస్త్రజ్ఞులు రేడియం దగ్గరకు వెళ్ళాలంటే సీసపు తెరలు అడ్డుపెట్టుకునేవారు. చిమటాలతో పట్టుకునేవారు. అంటే కొంతైనా తెలుసన్నమాటేగా! 1924లో హార్వర్డు నుంచి వచ్చిన పరిశోధకులు ఫ్యాక్టరీ చూసి ప్రమాదముందని నివేదిక ఇస్తే, కంపెనీ దాన్ని తారుమారు చేసి ప్రభుత్వానికి పంపింది. ఇలినాయ్ రాష్ట్రంలోని ఒటావాలో ఇంకో కంపెనీ అయితే ఆడపిల్లలకు వైద్య పరీక్షలు చేయించింది, ఫలితాలు మాత్రం వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళ ఒంటి సంగతి కంపెనీ బీరువాలో ఉంది, వాళ్ళకు మాత్రం తెలియదు.

ద్రోణుణ్ణి పడగొట్టడానికి ధర్మరాజు "అశ్వత్థామ చచ్చిపోయాడు" అని గట్టిగా అని, "ఏనుగు" అన్నమాట గొణిగాడంటారు. ఆమాత్రానికే నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం నేలకు దిగిందట. ఆయన గొణగనైనా గొణిగాడు. వీళ్ళు ఆపాటి కూడా చెయ్యలేదు.

"ఊరకున్నంత ఉత్తమం లేదు" అన్న సామెత మనకుంది. అప్రియమైన సత్యం చెప్పకూడదన్న నీతీ ఉంది. మనసు నొప్పించకుండా బతకడానికి అవి మంచివే. పక్కింటావిడ కట్టుకున్న చీర నప్పలేదని చెప్పి తీరాలని ఎవరూ అనరు. అయితే ఎముకలో ఉన్న విషం సంగతి ఆ లెక్కలోకి వస్తుందా?

ఆ కంపెనీవాళ్ళను తిట్టడం తేలిక. మన ఇళ్ళలోకే ఓసారి తొంగి చూద్దాం. ఇంట్లో పెద్దావిడకు కాన్సరని తేలుతుంది. "అమ్మకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు" అంటాడు కొడుకు. కోడలూ కూతురూ గుడ్లనీళ్ళు కుక్కుకుంటారు. ఏదో గడ్డ ఉంది, కరెంటు పెడితే కరిగిపోతుందని చెప్పి తీసుకెళ్తారు. ఏ కిరణాలు ఆ పిల్లల ఎముకల్ని తిన్నాయో, వాటి బంధువులే ఇక్కడ కొలతలో ఇస్తే గడ్డను కాలుస్తాయి. 1951 నుంచీ కోబాల్ట్-60 యంత్రాలు చేస్తున్నది ఆ పనే. కిరణానికి మంచీ చెడూ లేవు. ఎంత, ఎక్కడ, ఎవరి ఎరుకతో అన్నదే ప్రశ్న.

కొడుకు మౌనం ప్రేమతో, కంపెనీ మౌనం లాభంకోసం. రెండూ ఒకటేననడం అన్యాయం. అయినా ఒక్కచోట రెండూ కలుస్తాయి. ఒళ్ళు ఒకరిది, దాని గురించిన ఎరుక ఇంకొకరి దగ్గరుంది. ఆ పెద్దావిడకు తీర్చవలసిన పనులుంటాయి. ఎవరితోనో చెప్పవలసిన మాటలుంటాయి. చిన్నప్పుడే విడిపోయిన చెల్లెలిని ఒకసారి చూడాలని ఉండవచ్చు. ముప్ఫై నలభై ఏళ్ళు ఇంటిల్లిపాది కష్టసుఖాలు మోసిన మనిషి తన సంగతి తాను మోయలేదని మనమెలా తీర్మానిస్తాం? తట్టుకోలేనిది ఆవిడా, చెప్పలేనిది మనమా?

అందుకే నా మటుకు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ మౌనం వల్ల సుఖం ఎవరికి? మూల్యం చెల్లించేది ఎవరు? రెండింటికీ జవాబు ఒకే మనిషి అయితే సరే, ఆ మౌనం ఆ మనిషి ఇష్టం. సుఖం మనకీ, మూల్యం వాళ్ళకీ అయితే మాత్రం మనం ఎంత ప్రేమించినా అది వాళ్ళ సొత్తు దాచుకోవడమే. చెప్పడమంటే గుమ్మంలో నిలబడి తీర్పు చదివినట్టు చెప్పమని కాదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అడిగినంతవరకు, నిజమే చెప్పడం.

మాలీ చెల్లెళ్ళిద్దరూ, గ్రేస్ ఫ్రయర్, మరో ఇద్దరు కలిసి కంపెనీ మీద దావా వేశారు. గ్రేస్‌కు వకీలు దొరకడానికే రెండేళ్ళు పట్టింది. 1928లో రాజీ కుదిరింది. మనిషికి పదివేల డాలర్లు, ఏటా ఆరువందల భరణం, వైద్యం ఖర్చులు. గ్రేస్ 1933లో పోయింది. ఇలినాయ్‌లో కేథరిన్ డోనహ్యూ మంచం పట్టి ఉండి కూడా సాక్ష్యమిచ్చి 1938లో గెలిచింది. అదే సంవత్సరం కన్నుమూసింది. తమకు ఎవరూ చెప్పనిదాన్ని వాళ్ళు లోకానికి చెప్పి పోయారు. 1944లో ప్లుటోనియంతో పనిచేస్తున్న గ్లెన్ సీబోర్గ్‌కు ఈ పిల్లలే గుర్తొచ్చి, తన పనివాళ్ళకు జాగ్రత్తలు కావాలని పట్టుబట్టాడు. మరుసటి ఏడు నాగసాకి మీద పడింది ఆ ప్లుటోనియమే. తమవాళ్ళ ఎముకల గురించి అంత శ్రద్ధ చూపిన విజ్ఞానం అవతలివాళ్ళను మరిచిపోయింది... అది ఇంకో వ్యాసానికి సరిపడా దుఃఖం.

ఇప్పుడు ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయి గుండెలమీద చిన్న బ్యాడ్జీ ఉంటుంది. ఒంటికి ఎంత కిరణం తగిలిందో అది లెక్క చెబుతుంది. తలుపుమీద 'గర్భవతులు ముందుగా తెలియజేయండి' అన్న బోర్డుంటుంది. నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి ఊరుకోకండి. ఆ బోర్డు అక్కడికి ఊరికే రాలేదు. కుంచె మొన పెదవులతో తేల్చిన పిల్లలవంటివాళ్ళు ఎందరో మూల్యం చెల్లిస్తే వచ్చింది.