క్లబ్బు వేలం పాట: వినోదమా? జూదమా?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



జూదం అనగానే మన కళ్ళ ముందు పేకముక్కలు, కోడిపందేల బరి, మట్కా చీటీలు మెదులుతాయి. అది చెడ్డవారి పని, మన ఇంటికి దూరం అనుకుంటాం. కాని జూదం ఎప్పుడూ మాసిన బట్టలతోనే రాదు. ఒక్కోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దమనుషుల మధ్య కూర్చుని, దానధర్మాల పేరు చెప్పుకుని వస్తుంది. అలాంటి జూదాన్ని గుర్తుపట్టడమే కష్టం.

మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు ఎందరో నేడు అమెరికాలో వైద్యులుగా, ఇంజనీర్లుగా స్థిరపడ్డారు. అక్కడ తోటి ఉద్యోగులతో కలిసి గోల్ఫ్ ఆడటం సాధారణం. ప్రైవేటు క్లబ్బుల పోటీలలో ‘కల్‌కటా’ అనే వేలం పాట ఒకటి ఉంది. పేరు మన దేశపు నగరానిదే. బ్రిటిష్ పాలనా కాలంలో కలకత్తాలో గుర్రపు పందేల మీద సాగిన జూదం నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

అది జరిగే తీరు ఇది. పోటీకి ముందు రోజు రాత్రి విందులో ఆటగాళ్ళ జట్లను ఒక్కొక్కటిగా వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడు ఆ జట్టుకు ‘యజమాని’. వసూలైన డబ్బంతా ఒకచోట పోగవుతుంది. ఆట ముగిశాక గెలిచిన జట్ల యజమానులు దాన్ని పంచుకుంటారు. ఇరవై జట్లు ఒక్కొక్కటి 500 డాలర్లకు పోయాయనుకోండి. మొత్తం 10,000 డాలర్లు. మొదటి జట్టు యజమానికి 5,000, రెండవ వానికి 3,000, మూడవ వానికి 2,000 ఇస్తే, మిగిలిన పదిహేడు మంది చేతులు ఖాళీ. చాలాచోట్ల ఆటగాడు తన జట్టులో సగం వాటాను యజమాని నుంచి తిరిగి కొనుక్కునే ఆనవాయితీ కూడా ఉంది.

ఇందులో తప్పేముందని కొందరు అడుగుతారు. వారి వాదనలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: “ఆట మంచిదే కదా, వేలం కూడా ధర్మసమ్మతమే కదా?” నిజమే. దైవప్రవక్త (స) గుర్రాల మధ్య పరుగు పోటీలు పెట్టించారు. హజ్రత్ ఆయిషా (రజి)తో స్వయంగా పరుగు పందెం ఆడారు. ఇక వేలం సంగతి. యాచనకు వచ్చిన ఒక అన్సారీ సహచరుని ఇంట్లో ఉన్న దుప్పటిని, నీళ్ళు తాగే పాత్రను తెప్పించి దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే, ఎక్కువ ఇచ్చేవారెవరని అడిగి రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఆ డబ్బుతో అతను కట్టెలు కొట్టి బతికే దారి చూపారు. ఈ ఉదంతాన్ని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు.

ఆ వేలాన్ని, క్లబ్బు వేలాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ కొన్నవాని చేతికి దుప్పటి వచ్చింది, పాత్ర వచ్చింది. ఇక్కడ కొన్నవాని చేతికి ఏం వచ్చింది? ఆటగాడు అతని సొత్తు కాడు. అతను కొన్నది కేవలం ఒక అవకాశం. తన జట్టు గెలిస్తే పదిహేడు మంది సొమ్ము అతనిది. ఓడితే అతని సొమ్ము ఇతరులది. ఒకరి లాభం మరొకరి నష్టం మీదనే నిలబడి, ఎవరిది లాభమో ఎవరిది నష్టమో ముందుగా తెలియని ఒప్పందాన్నే షరీఅత్ ‘మైసిర్’ అంటుంది. పేరు వేలమైనా, లోపల ఉన్నది జూదమే.

రెండవది: “అందరూ ఇష్టపడే ఇస్తున్నారు కదా?” పరస్పర అంగీకారం వర్తకానికి షరతు. అంతేగాని అధర్మాన్ని ధర్మంగా మార్చే మంత్రం కాదు. వడ్డీ ఇచ్చేవాడు కూడా సంతకం పెట్టే ఇస్తాడు. అంతమాత్రాన వడ్డీ హలాల్ అవుతుందా?

మూడవది, అందరి నోరూ మూయించేది: “ఇందులో కొంత భాగం పేదలకు, ఆసుపత్రులకు పోతుంది కదా?” సోదరులారా! ఇక్కడ కాస్త ఆగి, ఖుర్ఆన్ నిషేధించిన ఆనాటి అరబ్బుల మైసిర్ ఎలా ఉండేదో తెలుసుకోండి. అజ్ఞాన కాలంలో వారు ఒంటెను కోసి, దాని మాంసానికి వాటాలు వేసేవారు. పది బాణాలను సంచిలో వేసి తీసేవారు. ఏడు బాణాలకు ఒకటి నుంచి ఏడు వరకు వాటాలు ఉండేవి. మూడు బాణాలు ఉత్తవి. ఉత్త బాణం వచ్చినవారు ఒంటె వెల కట్టాలి. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినేవారు కాదు, పేదలకు పంచిపెట్టేవారు! పైగా ఆ పందెంలో చేరనివాణ్ణి పిసినారి అని ఎగతాళి చేసేవారు. ‘బరమ్’ అని అతనికి ఓ పేరు కూడా పెట్టారు.

గమనించారా? ఆకలి గొన్నవారి కడుపు నింపిన జూదాన్నే అల్లాహ్ నిషేధించాడు. అందులో ప్రజలకు కొంత ప్రయోజనం ఉందని ఆయనే ఒప్పుకుని, దాని పాపం ఆ ప్రయోజనం కంటే పెద్దదని సూరె బఖరా 219వ ఆయత్‌లో తీర్పు ఇచ్చాడు. ఇంక క్లబ్బు వారి చందా రసీదు ఏపాటిది? పేదలకు ఇవ్వాలని మనసుంటే చేయి చాపి ఇవ్వవచ్చు. దానికి పందెం ఎందుకు? అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైన దాన్నే స్వీకరిస్తాడని దైవప్రవక్త (స) మనకు బోధించారు.

ఆ పాపం ఎలా పెరుగుతుందో సూరె మాయిదా 90, 91 ఆయత్‌లు చెబుతున్నాయి. మద్యం, జూదాల ద్వారా షైతాన్ మన మధ్య వైరం, ద్వేషం రగిలించాలని, దైవధ్యానం నుంచి, నమాజు నుంచి మనల్ని ఆపాలని చూస్తాడు. 1955లో న్యూయార్క్ దగ్గరి డీప్‌డేల్ క్లబ్బులో జరిగింది చూడండి. గోల్ఫ్‌లో బలహీన ఆటగానికి కొన్ని దెబ్బల మినహాయింపు ఇస్తారు. దాన్ని హాండికాప్ అంటారు. ఇద్దరు మంచి ఆటగాళ్ళు తమను బలహీనులుగా చూపుకుని, పెద్ద హాండికాప్‌తో పోటీ గెలిచారు. వేలంలో పోగైన డబ్బు సుమారు 45,000 డాలర్లు. మోసం బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టింది. అమెరికా గోల్ఫ్ సంఘమే ఇలాంటి వేలాలను తాను సమ్మతించనని ప్రకటించాల్సి వచ్చింది. ఖుర్ఆన్ చదవనివారు సైతం అనుభవంతో తెలుసుకున్న మాటను, ఖుర్ఆన్ చేతిలో ఉన్న మనం తేలిగ్గా తీసుకోవచ్చా?

మరి మన బిడ్డ ఏం చేయాలి? ఆట మానేయనక్కర లేదు. వేలానికి ముందే నిర్వాహకులను కలిసి, మర్యాదగా, “మా ధర్మం దీనికి అనుమతించదు, దయచేసి నా పేరు వేలంలో పెట్టకండి” అని చెప్పాలి. పాట పాడకూడదు, సగం వాటా కొనకూడదు. మద్యం పారే ఆ విందులో కూర్చోకూడదు. నేస్తాల మధ్య ఐదు డాలర్ల పందెమైనా సరే, పందెమే. “రా, జూదమాడదాం” అని నోటితో పిలిచినవాడు సైతం దానికి పరిహారంగా దానం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. పిలుపుకే పరిహారం ఉంటే, ఆటకు ఎంత ఉండాలి!

ఇప్పటికే అలాంటి సొమ్ము చేతికి వచ్చినవారు నిరాశ చెందకండి. తౌబా ద్వారం తెరిచే ఉంది. పోగొట్టుకున్నవారికి తిరిగి ఇవ్వగలిగితే ఇవ్వండి. వీలుకాకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోండి. ఎంట్రీ ఫీజు, బహుమతుల విషయంలో సందేహముంటే ఉలమాను అడిగి తెలుసుకోండి.

తల్లిదండ్రులారా! విదేశం నుంచి డబ్బు వచ్చినప్పుడు “ఎంత పంపావు బాబూ?” అని అడుగుతాం. “ఎలా సంపాదించావు బాబూ?” అని కూడా ప్రేమగా అడగండి. ప్రళయ దినాన సంపద గురించి రెండు ప్రశ్నలు ఉంటాయి: ఎక్కడి నుంచి సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు? మొదటి ప్రశ్నను ఈనాడే ఇంట్లో వేసుకుంటే, ఆనాడు జవాబు తేలికవుతుంది.

అల్లాహ్ మనకు, మన సంతానానికి ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించుగాక! వినోదం ముసుగులో వచ్చే పాపాన్ని గుర్తించే చూపును, దానికి దూరంగా నిలిచే ధైర్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.