సున్నా మైళ్ళ రోజు

అపలాచియన్ ట్రెయిల్ మీద నడిచేవాళ్ళకి ఒక మాట ఉంది: జీరో డే. ఒక్క మైలు కూడా నడవకుండా ఊళ్ళో ఉండిపోయిన రోజు. కాస్త నడిచి ఊరు చేరిపోతే అది నీరో, అంటే దాదాపు జీరో. మొదటిసారి విన్నప్పుడు సరదాగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే చిరాకేసింది. ఆ రోజు స్నానం చేస్తాం, బట్టలు ఉతుక్కుంటాం, ముందు రోజులకి తిండి కొనుక్కుంటాం, కడుపునిండా తింటాం, ఇంటికి ఫోన్ చేస్తాం. ఇన్ని జరిగిన రోజుకి సున్నా అని పేరేంటి?

కొన్నేళ్ళ క్రితం రెండు వారాలు సెలవు పెట్టి, ఫోంటానా డ్యామ్ నుంచి అర్విన్ దాకా సుమారు 290 కిలోమీటర్లు నడిచాను. జార్జియా నుంచి మెయిన్ దాకా మొత్తం ట్రెయిల్ 3,500 కిలోమీటర్ల పైమాటే, నాది అందులో చిన్న ముక్క. గ్రేట్ స్మోకీ కొండలు దాటి ఎనిమిదో రోజు సాయంత్రం హాట్ స్ప్రింగ్స్‌లోకి దిగాను. నార్త్ కరోలినాలో, ఫ్రెంచ్ బ్రాడ్ నది పక్కన, వెయ్యిమంది కూడా లేని ఊరు. ట్రెయిల్ ఊరి నడివీధిలోంచే పోతుంది. మర్నాడు నా జీరో.

పొద్దున్న తొమ్మిదికల్లా పనులన్నీ అయిపోయాయి. వరండాలో కూర్చున్నాను. కాళ్ళు కుదురుగా లేవు. ఫోన్ తీసి, ఇవాళ కూడా నడిచుంటే సాయంత్రానికి ఎక్కడుండేవాడినో లెక్కేస్తున్నాను. ఆఫీసులో స్ప్రింట్‌కి ఎన్ని పాయింట్లు అయ్యాయో చూసే అలవాటు నాతోపాటు కొండ ఎక్కి దిగింది.

అసలు ఈ ట్రెయిల్ పుట్టిందే విశ్రాంతి కోసం. 1921లో బెంటన్ మెకై అనే అటవీ నిపుణుడు దీన్ని ప్రతిపాదించినప్పుడు, ఫ్యాక్టరీల్లో, నగరాల్లో నలిగే మనుషుల తీరిక సమయం గురించే ఆలోచించాడు. 1937కి దారి పూర్తయింది. 1948లో ఎర్ల్ షాఫర్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే విడతలో నడిచేశాడు. తర్వాత చాలామందికి అదే లక్ష్యమైంది. తీరిక కోసం వేసిన దారి మీద, తీరికకి సున్నా మార్కులు!

జీరోని సమర్థించడానికి అందరూ చెప్పే మాట ఒకటుంది: ఇవాళ కండరాలు కోలుకుంటే రేపు బాగా నడుస్తావు. ఆఫీసులో అయితే వీకెండ్‌కి రీఛార్జ్ అవ్వమంటారు. రెండూ ఒకటే వాదన. రేపటి పని కోసమే అయితే ఇవాళ్టి విశ్రాంతి కూడా పనిలో భాగమే, బండి సర్వీసింగ్ లాంటిది. మరి రేపు నడవాల్సిన దారి లేకపోతే ఈ రోజుకి విలువ లేదా?

అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి.

"ఇవాళ ఎంత నడిచావు నాన్నా?"

"అసలు నడవలేదమ్మా."

"అయితే ఇవాళ నీకు కనుమ."

కనుమ నాడు కాకైనా కదలదని మా వైపు సామెత. ఆ రోజు ప్రయాణాలు పెట్టుకోరు. చిన్నప్పుడు తాతయ్య ఎడ్లకి స్నానం చేయించి, కొమ్ములకి రంగులేసి, పూజ చేసేవాడు. కాడి కట్టేవాడు కాదు. మర్నాడు బాగా దున్నుతాయని కాదు. ఆ రోజు వాటిది, అంతే. దానికి సున్నా అని ఎవరూ పేరు పెట్టలేదు. నా ప్రశ్నకి జవాబు దొరికిందనుకున్నాను.

దొరికిందనుకుంటూనే అడిగాను: "కనుమ నాడు నువ్వెప్పుడైనా కూర్చున్నావా అమ్మా?"

"నేను కూర్చుంటే గారెలెవరు వేస్తారు?"

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా చెప్పింది. కనుమకి మినుము తినాలి, కాబట్టి తెల్లవారుజామునే పప్పు రుబ్బడం ఆమె పని. ఎడ్లకి సెలవు, మగవాళ్ళకి సెలవు, కాకికి కూడా సెలవు.

ఫోన్ పెట్టేశాక చూస్తే, హాస్టల్ నడిపే ఆవిడ మా దుప్పట్లు మోసుకెళ్తోంది. నేను డబ్బు కట్టాను. లెక్క ప్రకారం ఆవిడకి బాకీ లేను. కానీ డబ్బు ఆవిడ పనికి వెల మాత్రమే. ఆవిడ జీరో ఎప్పుడన్న ప్రశ్నకి ఆ బిల్లులో జవాబు లేదు. హాస్టల్ మూలన హైకర్ బాక్స్ ఉంది. అక్కర్లేనిది వదిలి, కావలసింది తీసుకోవచ్చు, ఎవరూ లెక్క రాయరు. నేను కందిపొడి పొట్లం పెట్టి ఓట్స్ తీసుకున్నాను. ఒక రోజు విశ్రాంతిని మాత్రం అందులో పెట్టలేం. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే వాళ్ళ పని మనం చెయ్యాల్సిందే.

నాకు తోచింది ఇది. విశ్రాంతిని సంపాదించుకోనక్కర్లేదు, ఎద్దు సంపాదించుకోలేదు. కాబట్టి వరండాలో నేను పడ్డ అపరాధభావం అనవసరం. కానీ అది అందరిదీ అయినప్పుడు, నా సెలవు రోజున లెక్కపెట్టాల్సింది మైళ్ళు కాదు, నా వల్ల సెలవు లేకుండా పోయినవాళ్ళని. వాళ్ళని తలుచుకుని నా రోజు పాడుచేసుకుంటే ఎవరికీ లాభం లేదు. వంతు మారాలి.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళి, కనుమ నాడు గారెలు నేనే వేస్తానన్నాను. అమ్మని హాల్లో కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలకోసారి లేచొచ్చింది. నూనె కాగిందా, ఉప్పు చూశావా, పిండి మరీ జారైందేమో. నాలుగో గారెకి, "లే నాన్నా, చెయ్యి కాల్చుకుంటావు" అని గరిటె లాక్కోబోయింది. ఆ మొహం నాకు తెలుసు. హాట్ స్ప్రింగ్స్ వరండాలో పొద్దున్న తొమ్మిదింటికి నాది అదే.

గరిటె ఇవ్వలేదు. మొదటి జీరో ఎవరికైనా కష్టమే.