పునర్విధిత శాసనం – ప్రమాణ ధర్మం: కాణిపాకం నేపథ్యంలో ఒక పరిశీలన

ఒకసారి సడలిన శాసనాన్ని తిరిగి విధించినప్పుడు దాని పూర్వపు నైతికబలం కూడా తిరిగి వస్తుందా? మద్యనిషేధ చరిత్రలో చిత్తూరు జిల్లా ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ. రాజాజీ మంత్రివర్గం 1937లో సేలంలో ప్రారంభించిన నిషేధం 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. యుద్ధకాలంలో సడలి 1946లో తిరిగి వచ్చింది. 1960ల చివర మళ్లీ తొలగింది. 1995 జనవరి 16న మరల అమలై 1997లో సడలింది.

ఈ జిల్లాలోని కాణిపాకం వరసిద్ధి వినాయకుని సన్నిధి సత్యప్రమాణాలకు ప్రసిద్ధం. తాగుడు మానదలచినవారు స్నానం చేసి స్వామి ఎదుట ఒట్టు వేసుకోవడం ఇక్కడి ఆచారం. ఒట్టు తప్పినవాడు మళ్లీ వచ్చి ప్రమాణం చేస్తే పాత ఒట్టు బతికిందని ఎవరూ అనుకోరు. అతడు కొత్తగా కట్టుబడవలసిందే; ఈమారు ఇంటివారి అనుమానాన్ని కూడా మోయాలి. శాసనం విషయంలో మాత్రం ఉత్తర్వు వెలువడగానే పాత గౌరవం దానంతట అదే సమకూరుతుందని భావిస్తాము.

ఇక్కడి బాహుదా నది పేరుకు కారణంగా చెప్పే లిఖితుని కథ శాంతిపర్వంలో ఉన్నది. అన్న శంఖుని ఆశ్రమంలో అనుమతి లేక పండ్లు తిన్న లిఖితుడు తానే సుద్యుమ్నుని వద్దకు వెళ్లి దండన కోరతాడు. రాజు క్షమించబోయినా ఒప్పుకోడు. తెగిన చేతులు బాహుదలో స్నానం చేశాక తిరిగి మొలుస్తాయి. అడిగి పొందినది గనుకనే ఆ దండన అతనికి ధర్మమైంది.

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కోరినది సారా నిషేధం. అది 1993లో రాష్ట్రమంతటా వచ్చింది. ఇతర మద్యాల నిషేధం 1994 ఎన్నికల వాగ్దానంగా దానికి చేరింది. 1997లో చేరినది సడలింది, సారా నిషేధం నిలిచింది. దీనిని కేవలం ప్రజాసమ్మతి విజయంగా చెప్పడం అమాయకత్వం. ఖజానా లెక్కలు కూడా ఉన్నవి. లిఖితుడు కోరినది తన దండన, ఆ స్త్రీలు కోరినది పరుల నిగ్రహం అన్న ఆక్షేపణ కూడా చిన్నది కాదు. అయినా ఆ తాగుడు ఖర్చును కూలిడబ్బుతోనూ దెబ్బలతోనూ చెల్లించినది వారే. కనుక వారి కోరిక పరాయి విషయంలో జోక్యం కాదు.

నిషేధాన్ని సడలించే వేళ కూడా వారి మాటకు ప్రత్యేక స్థానం ఉండాలని నా అభిప్రాయం. అది లేనిచోట, మరొకమారు విధించే నిషేధాన్ని ఈ జిల్లా పల్లెలు రాబోయే సడలింపుకు ముందుమాటగా చూస్తే తప్పు వారిది కాదు.